వానాకాలంలో మునగాకు, తులసి ఆరబెట్టే గది: ఏసీతో అయ్యే పనేనా?

శంకర్‌పల్లి_మునగ:

అందరికీ నమస్తే. హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి దగ్గర ఎకరంన్నర మునగ, పక్కన పావెకరం తులసి. ఎండాకాలంలో షేడ్‌నెట్ కింద పరిస్తే రెండో రోజుకే ఆకు గలగలమంటుంది. మృగశిర కార్తె దాటిందంటే మాత్రం నాలుగో రోజుకీ మెత్తగానే ఉంటుంది, రంగు గోధుమకు తిరుగుతుంది, ముక్క వాసన కొడుతుంది. కొనేవాళ్లకు తేమ 8 శాతం లోపు ఉండాలి, ఆకు పచ్చగా ఉండాలి.

గది ఒకటి ఖాళీగా ఉంది. 10 అడుగులు బై 12, ఎత్తు 9. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన సిమెంటు రేకు, కింద తాండూరు బండ, ఒక తలుపు, ఒక కిటికీ. రెమ్మ తీసేసిన మునగాకు రోజుకు 50 కేజీలు, వారానికోసారి తులసి 25 కేజీలు పడుతుంది. కరెంటు సింగిల్ ఫేజ్, 5 కిలోవాట్ల లోడ్.

షాపులో అడిగితే ఒకటిన్నర టన్ను ఏసీ, 50 లీటర్ల డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమను రోజుకు అన్ని లీటర్ల నీళ్లుగా తీసే మెషిన్) పెట్టుకోమన్నారు. కొనేముందు తెలిసినవాళ్లను అడుగుదామని ఇక్కడ పెడుతున్నా. ట్రేలు ఎన్ని పడతాయి? ఎన్ని డిగ్రీలు పెట్టాలి? ఫ్యాన్ ఎంతది? విడమర్చి చెప్పగలరు.

తడిలెక్క:

ముందు నీళ్ల లెక్క వేద్దాం అన్నా, మెషిన్ల సంగతి తర్వాత. పచ్చి మునగాకులో నీరు దాదాపు 78 శాతం. 50 కేజీల్లో గట్టి పదార్థం 11 కేజీలే. 8 శాతం తేమకు దించితే చేతికొచ్చేది 12 కేజీలు. అంటే రోజూ 38 లీటర్ల నీళ్లు గదిలోంచి బయటికి పంపాలి. రెండు బిందెల పైనే.

ఇప్పుడు గదిలో గాలిని చూడండి. మీ గది 30 ఘనపు మీటర్లు. వానాకాలంలో 27 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలిలో 20 గ్రాముల పైచిలుకు నీటి ఆవిరి ఉంటుంది. గది మొత్తం కలిపినా ముప్పావు లీటరు కూడా కాదు. కాబట్టి "గదిలో గాలిని పొడిగా చేస్తే చాలు" అనే ఆలోచన దగ్గరే షాపువాళ్లు దారి తప్పుతున్నారు. మన గొడవ ఆకులో ఉన్న నీళ్లతో. గాలి దాన్ని మోసుకెళ్లే బండి మాత్రమే.

38 లీటర్లు ఆవిరి కావడానికే 25 యూనిట్ల కరెంటంత వేడి కావాలి. ఇది ఏ మెషిన్ పెట్టినా తప్పదు. తేడా అంతా ఆ వేడి ఎక్కడినుంచి తెస్తారు, ఎంత వృథా చేస్తారు అన్నదాంట్లోనే.

మునగాకు 45–50 డిగ్రీలు తట్టుకుంటుంది, 55 దాటనివ్వకూడదు. కాబట్టి దానికి వేడిగాలే దారి. వానగాలి తడిగా ఉంటుంది కదా, అది ఆకును ఎలా ఆరబెడుతుంది అని అడుగుతారు. అదే 27 డిగ్రీల, 80 శాతం గాలిని ఒక్క చుక్క నీరు తీయకుండా 35కి వేడి చేస్తే దాని తేమ శాతం 51కి దిగుతుంది. 40కి చేస్తే 39. 45కి చేస్తే 30. మే నెల మధ్యాహ్నం మన హైదరాబాద్ గాలి ఎలా ఉంటుందో దాదాపు అలా అయిపోతుంది.

ఇక గాలి ఎంత అనేది. 45 డిగ్రీలకు వేడెక్కిన గాలి ఆకుల మీదుగా వెళ్లి 35 డిగ్రీలకు చల్లారి, 60 శాతం తేమతో బయటికి పోయిందనుకోండి. ఘనపు మీటరుకు నాలుగున్నర గ్రాముల నీళ్లు పట్టుకుపోతుంది. 38 లీటర్లను 12 గంటల్లో తీయాలంటే గంటకు 710 ఘనపు మీటర్లు, అంటే 420 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). ఆ గాలిని 18 డిగ్రీలు పెంచడానికి సుమారు 4 కిలోవాట్లు. గోడలూ కప్పూ తాగే వేడికి మరో కిలోవాటుకు పైగా. అందుకని 2 కిలోవాట్ల ఫిన్ హీటర్లు మూడు పెట్టండి, 6 కిలోవాట్లు. మీ 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ చాలదు. త్రీ ఫేజ్, 10 కిలోవాట్లకు దరఖాస్తు పెట్టుకోండి.

కాగితం మీద 12 గంటలు, నిజానికి 14–16 పడుతుంది. చివరి పది శాతం నీరు ఈనెల్లో దాక్కుని ఉంటుంది, బతిమాలితే గానీ రాదు. బ్యాచ్‌కు 55–65 యూనిట్లు వేసుకోండి. ఎండిన ఆకు కేజీకి 5 యూనిట్లు. మీ టారిఫ్‌తో గుణించి, గిట్టుబాటు అయితేనే ముందుకెళ్లండి.

ఒక హెచ్చరిక. ఖర్చు తగ్గుతుందని గదిలోనే గ్యాస్ బర్నర్ పెట్టకండి. కేజీ గ్యాస్ మండితే కేజీన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అది మళ్లీ గదిలోకే. పైగా ఆకుకు పొగ వాసన. గ్యాసో, కట్టెల పొయ్యో వాడాలనుకుంటే మంట గది బయట ఉండాలి, పొగ వేరే గొట్టంలో పోవాలి, ఆ గొట్టాల మీదుగా వేడెక్కిన మంచి గాలి మాత్రమే లోపలికి రావాలి.

చల్లగాలి_మెకానిక్:

లెక్క బాగుంది. ఏసీ గురించి నేను రెండు మాటలు.

ఏసీ నీళ్లు తీయదని కాదు, తీస్తుంది. కానీ అది చూసుకునేది టెంపరేచర్‌నే. గది 24కి రాగానే కంప్రెసర్ ఆగుతుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కాయిల్ మీద అంటుకున్న నీళ్లు మళ్లీ గదిలోకే ఊదుతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే లోడ్ తగ్గగానే కాయిల్‌ను అంత చల్లబరచదు, తేమ ఇంకా తక్కువ తీస్తుంది. గది చల్లగా, మీటర్ మీద తేమ 70, ఆకు మెత్తగా. ఏసీ పెట్టి ఆకు ఆరలేదని గోల పెట్టేవాళ్లందరి కథా ఇదే.

డీహ్యూమిడిఫైయర్ వేరు. అది కాయిల్ మీద నీళ్లు పట్టి, అదే గాలిని వెనకున్న వేడి కాయిల్ మీదుగా వదులుతుంది. ఆకు ఆవిరి కావడానికి తీసుకున్న వేడి గదికే తిరిగొస్తుంది, అదనంగా కంప్రెసర్ తాగిన కరెంటు కూడా వేడిగా మిగులుతుంది. తులసికి ఇదే సరైనది, ఎందుకంటే తులసిలో వాసనంతా నూనెలో ఉంటుంది, 40 దాటితే అది ఎగిరిపోతుంది. ఆరబెట్టేటప్పుడు గదంతా ఘుమఘుమలాడుతుంటే మురిసిపోకండి, ఆ వాసన మీ సరుకులోంచి పోతున్నదే.

50 లీటర్లు అని డబ్బా మీద రాసింది 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర లెక్క. 45 శాతానికి దిగిన గదిలో ఆ మెషిన్ సగం కూడా తీయదు, రోజుకు 20 లీటర్ల దాకా అనుకోండి. మీ 25 కేజీల తులసిలో తీయాల్సింది 19–20 లీటర్లు. మొదటి పూట ఆకే గదిని తడి చేస్తుంది కాబట్టి మెషిన్ జోరుగా లాగుతుంది, తర్వాత మందగిస్తుంది. 30–36 గంటల్లో అవుతుంది. తులసికి 50 లీటర్లది సరిపోతుంది, మునగకు కాదు.

దీనికి గది బిగుతుగా ఉండాలి, లేకపోతే అంతా వృథా. 32 డిగ్రీలు, 45 శాతం దగ్గర గది నడుస్తున్నప్పుడు, బయటి గాలి గంటకు ఒకసారి మారినా రోజుకు 4 లీటర్ల నీళ్లు లోపలికొస్తాయి. మూడుసార్లు మారితే 12 లీటర్లు. మెషిన్ తీసేదాంట్లో సగం పైన శంకర్‌పల్లి వాననే ఆరబెడుతుందన్నమాట. తలుపు చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, కింద స్వీప్ (రబ్బరు పట్టీ), కిటికీకి సిలికాన్, వైరు రంధ్రాలకు ఫోమ్. రాత్రి లోపల లైటు వేసి బయటినుంచి చూడండి, వెలుతురు కనిపించిన ప్రతి చోటా గాలి వస్తుంది.

మెషిన్ 35 డిగ్రీలు దాటితే చాలావరకు తనంతట తానే ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే మీ గది దాటుతుంది కూడా. ఏసీకి ఏమైనా పని ఉందంటే ఇక్కడే: 30కి పెట్టి ఉంచితే గదిని 35 దాటకుండా పట్టి ఉంచుతుంది. పాత విండో ఏసీ చాలు దానికి, కొత్తది కొనకండి.

ఇంకోటి. డ్రైన్ పైపు బయటికి వాలుగా తీయండి. ట్యాంకు నిండగానే మెషిన్ ఆగిపోయే రకమైతే అర్ధరాత్రి రెండింటికి నిండుతుంది, తెల్లారి చూస్తే తులసి నల్లబడి ఉంటుంది.

శంకర్‌పల్లి_మునగ:

చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. అయితే హీటర్లు, డీహ్యూమిడిఫైయర్ రెండూ కలిపి మునగకు నడిపితే త్వరగా అవదా? ఇంకోటి, 420 సీఎఫ్ఎం అంటే ఒక్క చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ సరిపోతుందిగా? ట్రేల సంగతి కూడా చెప్పండి.

తడిలెక్క:

రెండూ కలిపి నడపొద్దు. హీటర్ పద్ధతిలో బయటి గాలి లోపలికి, లోపలి గాలి బయటికి తిరుగుతూ ఉండాలి. డీహ్యూమిడిఫైయర్‌కు గది మూసి ఉండాలి. రెండూ ఒకేసారి పెడితే కిటికీ తీసి ఏసీ వేసుకున్నట్టే. పైగా 45 డిగ్రీల్లో ఆ మెషిన్ నడవదు.

ఫ్యాన్ విషయంలో చాలామంది పొరపడేది ఇదే. మార్చే గాలి వేరు, తిప్పే గాలి వేరు. 420 సీఎఫ్ఎం మార్చే గాలి, నీళ్లను గది దాటించేది. అంత గాలిని ట్రేల వరస మొత్తం మీద పంచితే సెకనుకు 4 సెంటీమీటర్లు కూడా కదలదు, అగరుబత్తి పొగ కూడా వంగదు. ఆకు మీదుగా సెకనుకు అర మీటరు కదలాలంటే మీ ర్యాకుల ముందువైపు విస్తీర్ణం మొత్తం మీద 5000 సీఎఫ్ఎం పైన తిప్పాలి. 18 అంగుళాల యాక్సియల్ ఫ్యాన్లు మూడు, ఒక గోడ వైపు వరసగా. అర మీటరు కంటే మరీ పెంచకండి, ఎండిన ఆకు ఎగిరి హీటర్ మీద పడుతుంది. ప్లాస్టిక్ బాడీ ఫ్యాన్లు 45 డిగ్రీల్లో ఎక్కువ కాలం నిలవవు. లోహపు రెక్కలది, మోటార్ వేడి తట్టుకునే ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్‌ది రాణిగంజ్‌లో అడగండి.

ట్రేలు: 2 అడుగులు బై 3, అంటే అర చదరపు మీటరు పైచిలుకు. చదరపు మీటరుకు కేజీన్నర మించకుండా పరిస్తే ట్రేకు 840 గ్రాములు. 60 ట్రేలు. ఒక్కో ర్యాక్‌లో 10 ట్రేలు, మధ్య 7 అంగుళాల సందు, మొదటి ట్రే నేల నుంచి అడుగు ఎత్తులో. అలాంటివి ఆరు ర్యాకులు: పక్కపక్కన మూడు, వెనక మరో మూడు. 9 అడుగులు పోతాయి, గది వెడల్పు 10. మిగిలిన అడుగు సందును రేకుతో మూసేయండి, ర్యాక్ పైన మిగిలిన రెండడుగులకు తార్పాలిన్ పరదా దించండి. గాలి సులువు దారి చూసుకుంటుంది. సందు వదిలితే ఆకును ముట్టుకోకుండా పక్కనుంచి చక్కా పోతుంది.

ర్యాక్ స్లాటెడ్ యాంగిల్‌తో చేయించుకోవచ్చు, ఆకు తగిలే జాలీ మాత్రం 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌దో, తిండికి వాడే నైలాన్ నెట్టో ఉండాలి. జీఐ (జింకు పూత ఇనుము) జాలీ వద్దు. ఉప్పునీళ్లలో కడిగిన ఆకు పడితే నెల తిరగకుండా తెల్లటి పొడి రాలుతుంది. బాలానగర్‌లో ఫ్యాబ్రికేటర్లు ట్రే ఫ్రేములు కొలతలిస్తే చేసిస్తారు. అరవై ఒకేసారి చేయించకండి, రెండు చేయించి ర్యాక్‌లో జారుతున్నాయో లేదో చూసుకున్నాకే మిగతావి.

బయటి గాలిని లోపలికి ఊదే ఫ్యాన్ పెట్టండి, బయటికి లాగేది కాదు. లోపల కాస్త ఒత్తిడి ఉంటే దుమ్ము, ఈగలు ప్రతి సందులోంచీ దూరవు. ఆ ఫ్యాన్ ముందు దుమ్ము ఆపే జీ4 ఫిల్టర్ పెట్టండి. ఎదుటి గోడ మీద, పైభాగంలో, వాన కొట్టకుండా కౌల్ (పైకప్పు) ఉన్న గ్రావిటీ లూవర్, అంటే గాలి తోస్తే తెరుచుకుని ఆగితే మూసుకునే పలకలు. లోపలికొచ్చే గొట్టానికీ, బయటికెళ్లే దానికీ చేత్తో తిప్పే డ్యాంపర్ (గాలిని తగ్గించే, ఆపే పలక) ఉండాలి. తులసి రోజున రెండూ బిగించేస్తారు.

డ్యాంపర్ నడిపే తీరు తెలిస్తే కరెంటు చాలా మిగులుతుంది. మొదటి నాలుగైదు గంటలు పూర్తిగా తెరవండి. అప్పుడు హీటర్లన్నీ వెలుగుతున్నా థర్మామీటర్ 36 దగ్గరే తచ్చాడుతుంది. హీటర్ చెడిపోయిందనుకోకండి, వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే పోతోంది. బయటికెళ్లే గాలి తేమ 35 శాతానికి దిగాక డ్యాంపర్ ముప్పావు వంతు మూసి, అదే గాలిని తిప్పండి. తేమ 45కి ఎగబాకితే కాస్త తెరవండి. చివర్లో ట్రేలకు ముందున్న గాలికీ, ట్రేలు దాటొచ్చిన గాలికీ రెండు డిగ్రీలే తేడా ఉందంటే ఆకులో ఆవిరి కావడానికి ఇక నీళ్లు లేవు.

దీనికన్నా నమ్మకమైంది త్రాసు. ఒక ట్రేకు ఎర్ర దారం కట్టి, 840 గ్రాములు పరిచి, వెనక వరసలో మధ్యన పెట్టండి. ఆకు బరువు 200 గ్రాములకు వచ్చిందంటే 8 శాతానికి చేరినట్టు. ట్రే బరువు ముందే రాసి పెట్టుకోండి.

ప్యానెల్‌బోర్డ్:

కరెంటు పని ఎవరూ చెప్పలేదు, అదీ చూడండి. గదిలో ఎండిన ఆకు, వేడి, ఒంటరిగా రాత్రంతా నడిచే హీటర్. ఇది చిన్న విషయం కాదు.

హీటర్లను వేసి ఆపే టెంపరేచర్ కంట్రోలర్‌లోని రిలే (చిన్న స్విచ్) మీద 10 ఆంప్స్ అని రాసి ఉంటుంది, 2 కిలోవాట్ల హీటర్ 8.7 తీసుకుంటుంది, సరిపోయింది అనుకుంటారు. కొన్నాళ్లకు ఆ రిలే అతుక్కుపోతుంది. అతుక్కుపోతే హీటర్ ఆగదు. కంట్రోలర్ కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్) మాత్రమే నడపాలి, కాంటాక్టర్ హీటర్‌ను నడపాలి. మూడు హీటర్లు మూడు ఫేజులకు ఒక్కోటి, ఒక్కోదానికి 16 ఆంప్స్ ఎంసీబీ, 2.5 స్క్వేర్ రాగి వైరు. మొత్తానికి, కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీ ఆంప్స్ ఫోర్ పోల్ ఆర్‌సీసీబీ. కడిగిన ఆకు తెచ్చే గది, చేతులు తడిగా ఉంటాయి.

హీటర్‌కు రెండు తాళాలు. ఒకటి, గాలి ఆడుతుంటేనే హీటర్ వెలిగేలా ఎయిర్‌ఫ్లో స్విచ్. ఫ్యాన్ బెల్టో, కెపాసిటరో పోయినప్పుడు హీటర్ ఎర్రబడకుండా ఉంటుంది. రెండు, హీటర్ పక్కన 70 డిగ్రీలకు తెగిపోయే థర్మోస్టాట్, చేత్తో నొక్కితే గానీ మళ్లీ రాని రకం. తనంతట తాను తిరిగి వచ్చేది వద్దు. ఎందుకు తెగిందో ఎవరూ చూడరు. హీటర్ ఆగాక ఫ్యాన్ 5 నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టండి. హీటర్ ముందు సన్న జాలీ, ప్రతి బ్యాచ్ తర్వాత దాని మీద ఆకు నుసి బ్రష్‌తో దులపడం.

సెన్సర్‌ను హీటర్ ఎదురుగా పెట్టకండి, ట్రేలు దాటొచ్చిన గాలి తగిలేచోట, నడుము ఎత్తులో. కోఠి గుజరాతీ గల్లీలో సెన్సర్లు రకరకాలు దొరుకుతాయి. గడియారం, తేమ రెండూ చూపించే చవక మీటర్లను నమ్మి వేల రూపాయల సరుకు పెట్టొద్దు. ఏది కొన్నా ఉప్పు పరీక్ష చేయండి: సీసా మూతలో వంటుప్పు వేసి, ముద్దయ్యేంత నీళ్లు చల్లి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో 8 గంటలు ఉంచండి. నీళ్లు ఎక్కువై ఉప్పు కరిగిపోకూడదు. మీటర్ 75 చూపాలి. 80 చూపిస్తే 5 తీసేసి చదవండి. రెండు నెలలకోసారి మళ్లీ, ఎందుకంటే ఆకు నుసి పట్టి సెన్సర్ మొండికేస్తుంది.

కరెంటు పోతే హీటర్లు పోనివ్వండి, ఒక్క తిప్పే ఫ్యానూ, గాలి ఊదే ఫ్యానూ ఇన్వర్టర్ మీద ఉండాలి. 36 డిగ్రీల్లో తడి ఆకు గాలి ఆడకుండా మూడు గంటలుంటే పులుస్తుంది.

ఆకుపొడి:

గది సంగతి అంతా చెప్పారు. సగం నష్టం ఆకు గదిలోకి రాకముందు, మిగతా సగం గదిలోంచి వచ్చాక జరుగుతుంది. ఆ రెండు కొసలు చెప్తాను.

కోత మంచు ఆరాక, పొద్దున 8–9 గంటలకు. కోసిన రెమ్మలను గోనెలో కుక్కొద్దు, కుప్ప పోయొద్దు. పచ్చి ఆకు కుప్పలో చెయ్యి పెట్టి చూడండి, అరగంటలోనే లోపల వెచ్చబడుతుంది. ఆ వేడికే పసుపు రంగు మొదలవుతుంది, తర్వాత ఎన్ని డిగ్రీల్లో ఆరబెట్టినా అది తిరిగి పచ్చబడదు. జాలీ క్రేట్లలో తెచ్చి, రెండు మూడు గంటల్లోపే దూసి, కడిగేయాలి.

కడగడం: ఒక తొట్టిలో 1 శాతం ఉప్పునీళ్లు, వంద లీటర్లకు కేజీ ఉప్పు. మూడు నుంచి ఐదు నిమిషాలు. తర్వాత తాగేంత మంచి నీళ్లలో రెండుసార్లు జాడించాలి. ఇక్కడ తొందరపడి నీళ్లోడుతున్న ఆకును ట్రేల్లో వేస్తే, 50 కేజీల ఆకుకు 8 లీటర్ల నీళ్లు అదనంగా గదిలోకి మోసినట్టే. పైన చెప్పిన 60 యూనిట్లకు 38 లీటర్ల లెక్కన చూస్తే లీటరుకు ఒకటిన్నర యూనిట్ పైన. నెట్ సంచిలో వేసి మెలితిప్పకుండా వేలాడదీసి, ఫ్యాన్ కింద అరగంట ఉంచండి. ఉచితంగా పోయే నీళ్లకు హీటర్ ఎందుకు?

తులసిని అలా తొట్టిలో ముంచి పిసకొద్దు. నలిగిన చోటల్లా ఆకు నల్లబడుతుంది. కోసే ముందురోజు సాయంత్రం మొక్క మీదే స్ప్రింక్లర్‌తో మంచినీళ్లు కొట్టి దుమ్ము పోగొట్టండి. మందపాటి కాడలు తీసి, లేత కొసలు, ఆకు, వెన్నులు మాత్రం పరచండి, చదరపు మీటరుకు ముప్పావు కేజీ చాలు. మీ 60 ట్రేలు దానికి సరిగ్గా సరిపోతాయి.

బయటికి తీయడంలో అందరూ చేసే తప్పు: ఆకు గలగలలాడగానే వేడివేడిగా సంచిలో నింపడం. రెండు ప్రమాదాలు. సంచి గోడకు లోపల చెమట పడుతుంది. రెండోది కంటికి కనిపించదు: రేక గాజులా విరుగుతున్నా ఈనెలో ఇంకా నీరు ఉంటుంది. సంచిలో పడ్డాక ఆ నీరు రేకలోకి పాకి, మూడో రోజుకు మొత్తం మెత్తబడుతుంది. బ్యాచ్ మార్చేశారని కొన్నవాళ్లు మనమీద పడతారు.

అలా కాకుండా, హీటర్ ఆపి, డ్యాంపర్లు మూసి, డీహ్యూమిడిఫైయర్ వేయండి. గది 35 కిందికి దిగేదాకా అది మొదలవకపోవచ్చు, కంగారు లేదు. ఆకును గదిలోనే చల్లారనిచ్చి, లైనర్ కవర్ వేసిన డ్రమ్ములో ముప్పావు వంతు నింపి మూత బిగించండి. 12 గంటలు. తర్వాత గుప్పెడు ఆకు గాజు సీసాలో వేసి, చిన్న తేమ మీటర్ పెట్టి మూత పెట్టండి. మూడు నాలుగు గంటలకు మీటర్ 50 లోపు ఉంటే పొడి కొట్టుకోవచ్చు. 60 దాటితే మళ్లీ ట్రేలెక్కాల్సిందే, 45–50 డిగ్రీల్లో గంట. 65 దాటిన ఆకును నిల్వ పెడితే బూజు ఖాయం.

తేమ శాతం పక్కా తెలియాలంటే 5 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా ఆగేదాకా పెట్టి, మళ్లీ తూచాలి. మునగకు ఇది నిక్కం. తులసికి కాస్త ఎక్కువ చూపిస్తుంది, నీళ్లతో పాటు నూనె కూడా ఎగిరిపోతుంది కాబట్టి.

డ్రమ్ములు బేగంబజార్‌లో హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్)వి, బిగింపు రింగు ఉన్నవి తీసుకోండి. అంతకుముందు పురుగుమందులు గానీ రసాయనాలు గానీ నింపిన పాతవి ఎంత చవకైనా వద్దు. సిలికా జెల్‌తో ఆరబెడదామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అది తన బరువులో పాతిక శాతం నీళ్లే పట్టుకుంటుంది. 38 లీటర్లకు 150 కేజీల జెల్ కావాలి. ఆరిన సరుకు డ్రమ్ములో ఆరినట్టే ఉండటానికి ఒక పొట్లం వేయండి, అంతవరకే దాని పని.

చల్లగాలి_మెకానిక్:



కప్పు సంగతి వదిలేశాం. సిమెంటు రేకు కింద ఏ అడ్డమూ లేకుండా తినే సరుకు పెట్టకండి. పైనుంచి నుసి రాలుతుంది, పగలు మండుతుంది, రాత్రి చల్లబడి లోపలి వైపు నీటి బొట్లు పట్టి ట్రేల మీద కురుస్తుంది. రేకుకు అడుగు కింద 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (వేడిని ఆపే ఫోమ్ నింపిన పలక) ఫాల్స్ సీలింగ్ వేయించండి, జాయింట్లకు సిలికాన్. డబ్బు ఎక్కడ పెట్టాలో ఒక్కటే ఎంచుకోమంటే నేను గోడల కంటే ముందు కప్పుకే పెడతాను. గోడలకు సున్నం వద్దు, తేమ పీల్చి పొరలుగా ఊడుతుంది. ఎపాక్సీ పెయింట్. కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తే నెల రోజులు ఆగండి, తడి ప్లాస్టర్ వారాల తరబడి గదిలోకి నీళ్లు వదులుతూనే ఉంటుంది, తప్పు మెషిన్ మీద పడుతుంది.

శంకర్‌పల్లి_మునగ:

ఒక్క డౌట్ మిగిలింది. ఫాల్స్ సీలింగ్ అడుగు కిందికి దిగితే ఎత్తు 8 అడుగులే కదా. పది ట్రేల ర్యాక్ పడుతుందా? త్రీ ఫేజ్ వచ్చేదాకా రెండు హీటర్లతో మొదలుపెట్టొచ్చా?

తడిలెక్క:

పడుతుంది. నేల నుంచి అడుగు, దాని పైన పది ట్రేలకు ఆరడుగుల లోపు. మొత్తం ఏడు. పైన అడుగు మిగులుతుంది, పరదా రెండడుగులు కాక ఒక అడుగే దించండి.

రెండు హీటర్లంటే 4 కిలోవాట్లు, వాటికి తోడు మూడు ఫ్యాన్లు, ఊదే ఫ్యాను. 5 కిలోవాట్ల లోడ్ మీద అంచున నడుస్తుంది. అప్పటిదాకా 50 కేజీలు వేయకండి, 25 వేయండి. ట్రేకు 420 గ్రాములు, పలచగా. ఊదే గాలి కూడా సగానికి తగ్గించండి, లేకపోతే రెండు హీటర్లు అంత గాలిని 45కి తేలేవు. ఎర్ర దారం ట్రే లక్ష్యం అప్పుడు 100 గ్రాములు. ఆరో గంటకు ముందు వరస ట్రేలను వెనక్కి, వెనకవి ముందుకు మార్చండి. ముందు వరస ఎప్పుడూ రెండు మూడు గంటలు ముందే ఆరిపోతుంది, మార్చకపోతే ముందుది మాడుతుంది, వెనకది తడిగా మిగులుతుంది. మొదటి బ్యాచ్‌లో గంట గంటకూ ఆ ట్రే బరువు, బయటి తేమ, లోపలి తేమ రాసి ఇక్కడ పెట్టండి. ఏ డ్యాంపర్ ఎప్పుడు తిప్పాలో ఆ అంకెలు చూసి చెప్తాం.